తూకం చీటీ నుంచి హైకోర్టు దాకా: నా అనుభవం

చిత్తూరు సమీపంలోని ఒక మామిడి గుజ్జు కర్మాగారంలో కాటా గుమాస్తాగా పనిచేస్తున్న నన్ను 2015 ఫిబ్రవరిలో దుష్ప్రవర్తన ఆరోపణపై ఉద్యోగం నుంచి తొలగించారు. 2022 డిసెంబరులో తిరిగి చేర్చుకున్నారు. ఈ మధ్యకాలంలో నా కేసు కంపెనీ అంతర్గత విచారణ నుంచి ఆర్బిట్రేషన్‌కూ, అక్కడి నుంచి హైకోర్టుకూ వెళ్లింది. ఇరుపక్షాలూ ఒప్పుకున్న మధ్యవర్తి, అంటే ఆర్బిట్రేటర్, ఇచ్చిన నిర్ణయాన్ని (దాన్నే అవార్డు అంటారు) హైకోర్టు ఎంతవరకు పరిశీలిస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నది నాకు ముందే తెలిసి ఉంటే, తుది వాదనల రోజున కోర్టు హాలులో వెనుక బెంచీ మీద కూర్చుని అంతగా బాధపడి ఉండేవాణ్ని కాదు. ఇలాంటి కేసుల్లో ఉన్నవాళ్లకు పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు ఆరోపణ ఏమిటో చెప్పాలి. మా ప్రాంతంలో తోతాపురి కాయ దిగే జూన్, జూలై నెలల్లో కర్మాగారం గేటు నుంచి రోడ్డు దాకా ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. ప్రతి బండినీ కాయతో ఒకసారి, దించిన తర్వాత ఖాళీగా ఒకసారి తూచి, రెండింటి తేడాను నికర తూకంగా చీటీ మీద కొట్టాలి. రద్దీ ఎక్కువైనప్పుడు ఖాళీ బండిని మళ్లీ కాటా ఎక్కించకుండా, ఆ నంబరు మీద కంప్యూటరులో అంతకుముందు నమోదై ఉన్న ఖాళీ బరువునే తీసుకుని చీటీ ఇచ్చే అలవాటు మా దగ్గర ఉండేది. అలా ఇచ్చిన చీటీలో ఖాళీ బరువు పక్కన ఒక చిన్న చుక్క గుర్తు పడుతుంది. ఇందులో ఒక ఇబ్బంది ఉంది. ట్రాక్టరుకు ఒక నంబరు, వెనుక తగిలించే ట్రెయిలరుకు మరో నంబరు ఉంటాయి. మా చీటీలో ట్రాక్టరు నంబరుకు మాత్రమే గడి ఉండేది.

2014 జూన్ చివరి వారంలో ఒక రాత్రి షిఫ్టులో ఒకే ట్రాక్టరు మూడుసార్లు కాయ తెచ్చింది. కంప్యూటరులో దాని ఖాళీ బరువు 3,140 కిలోలు. ఆ రోజు యజమాని పెద్ద ట్రెయిలరు తగిలించుకుని వచ్చాడు. మరుసటి రోజు పగటి షిఫ్టులో అదే బండిని ఖాళీగా తూచితే 3,870 కిలోలు వచ్చింది. ఒక్కో విడతకు 730 కిలోల చొప్పున మూడు విడతలకు 2,190 కిలోల లేని కాయకు కంపెనీ డబ్బు కట్టినట్టయింది. టన్ను ₹9,000 లెక్కన ₹19,710. కాయల వ్యాపారితో కుమ్మక్కై తూకం మార్చానని ఛార్జిషీటు ఇచ్చారు. పాత బరువు వేసి పంపెయ్యమని సూపర్‌వైజరు నోటిమాటగా చెప్పారని నేను సంజాయిషీ రాసుకున్నాను. ఆయన విచారణలో అలా చెప్పలేదన్నారు. ట్రెయిలరు మారిందని గమనించకపోవడం నా తప్పేనని నేను అప్పుడూ ఒప్పుకున్నాను, ఇప్పుడూ ఒప్పుకుంటాను. దొంగతనం మాత్రం చేయలేదు.

అంతర్గత విచారణ గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. సస్పెన్షన్ కాలంలో మొదటి 90 రోజులకు సగం జీతం, ఆపైన 75 శాతం చొప్పున జీవన భృతి ఇచ్చారు. కర్మాగారాల్లో ఉద్యోగ నిబంధనలకు సంబంధించిన అప్పటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టం ప్రకారం రావలసింది అదే. సాక్షులను నా ఎదుటే విచారించారు, ప్రశ్నలు అడగనిచ్చారు. సహాయంగా తోటి ఉద్యోగి ఒకాయన కూర్చున్నాడు. విచారణ పద్ధతి ప్రకారమే జరిగింది, కాబట్టి ఆ కోణంలో మాకు పెద్దగా వాదన లేకపోయింది. విచారణాధికారి నివేదికలో ఒకే ఒక్క వాక్యం నన్ను ముంచింది: వ్యాపారితో ముందస్తు అవగాహన లేకుండా ఒకే బండికి మూడుసార్లు పొరపాటు జరగడం నమ్మశక్యం కాదని ఆయన రాశారు. వ్యాపారిని ఎవరూ పిలవలేదు. నాకు ఒక్క రూపాయి అందిందని ఎవరూ అనను కూడా లేదు. ఆ నివేదిక మీదే షోకాజ్ నోటీసు, దాని మీదే తొలగింపు ఉత్తర్వు వచ్చాయి.

మా సంఘం తరఫున సహాయ కార్మిక కమిషనర్ దగ్గర రాజీ చర్చలు మొదలయ్యాయి. అవి విఫలమైతే మామూలుగా లేబర్ కోర్టుకు వెళ్లాల్సి ఉండేది. అప్పట్లో అమల్లో ఉన్న పారిశ్రామిక వివాదాల చట్టం 2ఎ సెక్షను కింద, తొలగించబడిన కార్మికుడు సంఘం మద్దతు లేకపోయినా ఒంటరిగానే వెళ్లగలిగేవాడు. కానీ మా జిల్లా కేసులు వినే లేబర్ కోర్టు అనంతపురంలో ఉంది. ప్రతి వాయిదాకూ అంత దూరం పోయి రావడం మా సాక్షులకే కాదు, యాజమాన్యం తరఫు వాళ్లకూ కష్టమే. పైగా సీజను దగ్గర పడుతోంది. అందువల్ల ఇరుపక్షాలూ అదే చట్టంలోని 10ఎ సెక్షను కింద స్వచ్ఛంద ఆర్బిట్రేషన్‌కు ఒప్పుకున్నాయి. ఎవరు ఆర్బిట్రేటరో, ఏ వివాదమో రాతపూర్వకంగా రాసుకుని, ప్రతులను ప్రభుత్వానికీ రాజీ అధికారికీ పంపాలి. అది అందిన నెల రోజుల్లో ప్రభుత్వం ఆ ఒప్పందాన్ని గెజిట్‌లో ప్రచురించాలి. 2015 సెప్టెంబరులో ప్రచురించారు.

ఆ గెజిట్ ప్రతిని మా సంఘం కార్యదర్శి అన్న పట్టుబట్టి తెప్పించి పది జెరాక్సులు తీయించాడు. ఒకటి నా చేతిలో పెట్టి, “ఈ కాయితం బద్రంగా పెట్టుకోప్పా, దీనికీ ఒకనాడు పని పడతాది” అన్నాడు. ఉద్యోగం పోయినవాడికి గెజిట్ కాగితం ఎందుకని మనసులో అనుకుంటూనే, పిల్లల టీసీలు దాచుకునే ప్లాస్టిక్ కవరులో దాన్ని పెట్టాను.

విశ్రాంత న్యాయాధికారి ఒకరు ఆర్బిట్రేటరుగా కూర్చున్నారు. చిత్తూరులోనే, ఆయన ఇంటి ముందు గదిలో 14 సార్లు సమావేశమయ్యాం. మా కేసు అక్కడే మలుపు తిరిగింది, అది కూడా యాజమాన్యం దాఖలు చేసిన కాగితం వల్లే. నా మూడు చీటీలను రుజువు చేయడానికి వాళ్లు ఆ రాత్రి కాటా రిజిస్టరు మొత్తాన్ని ప్రింటు తీసి అంతర్గత విచారణలో నాలుగో దస్తావేజుగా పెట్టారు. అందులో వాళ్లు చూపించింది మూడు వరుసలు. ఆర్బిట్రేటర్ గారు కళ్లజోడు నుదుటి మీదికి జరుపుకుని, కాగితాన్ని ముఖానికి దగ్గరగా పట్టుకుని, పెన్సిలుతో చుక్కలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఆ రాత్రి వచ్చిన 61 బండ్లలో 44 చీటీల మీద చుక్క గుర్తు ఉంది. వాటిలో 17 నా షిఫ్టు మొదలు కాకముందు, వేరే గుమాస్తా కూర్చున్నప్పటివి. పాత ఖాళీ బరువు వాడడం నా ఒక్కడి తెలివి కాదని, అది అక్కడి ఆచారమని కంపెనీ రిజిస్టరే చెప్పింది. ఏడాదిన్నరగా ఆ కాగితం మా ఫైలులోనూ ఉంది. మాలో ఎవరమూ ఆ చుక్కలను లెక్కపెట్టలేదు.

2016 నవంబరులో అవార్డు వచ్చింది. నిర్లక్ష్యం రుజువైందనీ, కుమ్మక్కుకు సాక్ష్యమే లేదనీ, ఆ నిర్లక్ష్యానికి ఉద్యోగం తీసెయ్యడం మితిమీరిన శిక్ష అనీ ఆయన తేల్చారు. సర్వీసు కొనసాగింపుతో తిరిగి ఉద్యోగంలోకి తీసుకోవాలని, తొలగించిన నాటి నుంచి అవార్డు దాకా 21 నెలల బకాయి వేతనంలో సగం ఇవ్వాలని, రెండు ఇంక్రిమెంట్లు శాశ్వతంగా కోత పెట్టాలని రాశారు. నా నెల జీతం ₹11,400 కాబట్టి సగం బకాయి ₹1,19,700 అయింది. ఇంక్రిమెంట్ల కోత నాకు నచ్చలేదు. అయినా ఆ రోజు ఇంట్లో పాయసం చేశారు.

అప్పటి చట్టం ప్రకారం అవార్డును కూడా ప్రభుత్వం ప్రచురించాలి. ప్రచురించిన 30 రోజులకు అది అమల్లోకి వస్తుంది. 17వ సెక్షను రెండో ఉపవిభాగంలో, ప్రచురితమైన అవార్డు అంతిమమనీ, దాన్ని ఏ కోర్టులోనూ ఏ విధంగానూ ప్రశ్నించరాదనీ రాసి ఉంది. ఆ వాక్యాన్ని నేనే చదివి, ఇక అయిపోయిందనుకున్నాను. తిరుపతిలో మా తరఫున వకాలతు పుచ్చుకున్న న్యాయవాది గారు నవ్వి, రాజ్యాంగంలోని 226వ అధికరణ కింద హైకోర్టుకు ఉన్న అధికారాన్ని మామూలు చట్టంలోని మాట తీసెయ్యలేదని వివరించారు. అప్పీలు అనేది ఈ చట్టంలో లేదు. రిట్, అంటే హైకోర్టు నేరుగా జోక్యం చేసుకోవాలని కోరే పిటిషన్, మాత్రం ఉంది. 10ఎ ఆర్బిట్రేటర్ ప్రైవేటు మధ్యవర్తి కాదనీ, చట్టం అప్పగించిన పని చేస్తున్నవాడు కాబట్టి ఆయన అవార్డు మీద రిట్ నడుస్తుందనీ రోహ్తాస్ ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందట. ఆయన చెప్పిన నెలలోపే, 2017 ఫిబ్రవరిలో యాజమాన్యం హైదరాబాదులోని ఉమ్మడి హైకోర్టులో రిట్ పిటిషన్ వేసి, అవార్డు అమలును ఆపమని స్టే కోరింది.

స్టే దగ్గరే నాకు మొదటి చిక్కు ఎదురైంది. ఉద్యోగంలోకి తీసుకోమన్న అవార్డును యజమాని హైకోర్టులో సవాలు చేస్తే, కేసు తేలేదాకా కార్మికుడికి చివరిగా అందుకున్న పూర్తి జీతం నెలనెలా ఇవ్వాలని అప్పటి చట్టంలోని 17బి సెక్షను చెప్పేది. కార్మికుడు తాను మరెక్కడా ఉద్యోగం చేయడం లేదని అఫిడవిట్ ఇస్తే చాలు. కానీ ఆ సెక్షనులో లేబర్ కోర్టు, ట్రిబ్యునల్, జాతీయ ట్రిబ్యునల్ అనే పేర్లే ఉన్నాయి. ఆర్బిట్రేటర్ పేరు లేదు. అవతలి న్యాయవాది దాన్నే పట్టుకున్నారు. అనంతపురం దూరమని ఆర్బిట్రేషన్ ఎంచుకున్నందుకు నెల జీతం పోగొట్టుకుంటానేమోనని ఆ రాత్రి వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్‌లో చిత్తూరు చేరేదాకా నిద్ర పట్టలేదు. మా లాయరు గారు 17బిని పక్కన పెట్టి మరో దారిలో అడిగారు. స్టే ఇవ్వడం కోర్టు విచక్షణ అయినప్పుడు, దానికి షరతు పెట్టడం కూడా కోర్టు విచక్షణే కదా అన్నారు. న్యాయమూర్తి గారు అంగీకరించి, సగం బకాయిలో సగాన్ని, అంటే ₹59,850ని కోర్టులో జమ చేయాలనీ, నా అఫిడవిట్ మీద చివరి జీతాన్ని నెలనెలా చెల్లించాలనీ షరతు పెట్టి స్టే ఇచ్చారు. ఆ షరతు లేకపోతే తర్వాతి ఆరేళ్లు మా ఇల్లు నడిచేది కాదు.

2019 జనవరి 1న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అమరావతిలో వేరుగా మొదలైంది. మా ఫైలు కూడా హైదరాబాదు నుంచి తరలింది. కొత్త నంబర్ల జాబితాలు, ఆ రోజు విచారించే కేసుల జాబితా అయిన కాజ్ లిస్టులో పేరు కోసం వెతుకులాట, తిరుపతి నుంచి విజయవాడకు రాత్రి రైలు, అక్కడి నుంచి హైకోర్టు ఉన్న నేలపాడుకు బస్సు. ఆ తర్వాత కరోనా వచ్చి రెండేళ్లపాటు వాయిదాలు తెర మీద నడిచాయి. తిరుపతిలో లాయరు గారి ఆఫీసులో ఆయన వెనుక కుర్చీ వేసుకుని కూర్చుని, గొంతు తెగి తెగి వినిపిస్తుంటే ఇది మన కేసేనా అని అడుగుతూ ఉండేవాణ్ని. ఆ కాలం గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

తుది వాదనలు 2022 సెప్టెంబరులో నేరుగా కోర్టులోనే జరిగాయి. ఆ రాత్రి ఏం జరిగిందో న్యాయమూర్తి గారు అడుగుతారని, అవకాశం ఇస్తే చేతులు కట్టుకుని రెండు ముక్కలు చెప్పుకుంటానని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. వాదనలు దాదాపు 40 నిమిషాలు సాగాయి. అందులో ట్రాక్టరు మాట ఒకటి రెండుసార్లు వచ్చింది. న్యాయమూర్తి గారి నోట నేను ఎక్కువసార్లు విన్నది “పేజీ ఎంత?” అన్న ప్రశ్న. నేను తప్పు చేశానా లేదా అన్నది ఆ గదిలో ఎవరికీ పట్టనట్టు అనిపించింది. ఎనిమిదేళ్లు మోసిన నింద అక్కడ పేజీ నంబర్ల మధ్య ఎటో పోయినట్టయింది. బయటికి వచ్చాక లాయరు గారితో ఆ మాటే అన్నాను. ఆయన చెట్టు కింద నిలబడి ఓపికగా చెప్పారు: “మీరు దొంగో కాదో తేల్చే పని ఆర్బిట్రేటర్‌ది. ఆయన ఏ కాగితం చూసి ఆ మాట రాశాడు, ఆ కాగితం ఫైలులో ఉందా, ఆ కాగితం నుంచి ఆ మాట రావడానికి వీలుందా, ఇదే ఇక్కడి పని. అదే మిమ్మల్ని కాపాడుతోంది.”

యాజమాన్యం వాదనల్లో మొదటిది గెజిట్ గురించే. 10ఎ ఒప్పందాన్ని గెజిట్‌లో ప్రచురించడం తప్పనిసరి అని, ప్రచురణ లేకపోతే ఆ అవార్డు నిలబడదని 1989లో కర్నాల్ లెదర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పిటిషన్‌లో ప్రచురణ జరిగినట్టు రికార్డులో లేదని ఒక పేరా రాశారు. నా ప్లాస్టిక్ కవరులోని జెరాక్సును మా కౌంటర్ అఫిడవిట్‌కు జత చేసి ఉన్నాం. న్యాయమూర్తి గారు ఆ పేజీ తిప్పి చూశారు, ఆ వాదన రెండు నిమిషాల్లో ముగిసింది. ఆ కాగితం లేకపోతే 14 సమావేశాలూ, చుక్కల లెక్కా, అవార్డూ అన్నీ గాలికి పోయేవి.

రెండో వాదన ఆర్బిట్రేటర్ అధికారం గురించి. తొలగింపు మితిమీరిన శిక్ష అనిపిస్తే దాన్ని తగ్గించే అధికారాన్ని 1971లో చేర్చిన 11ఎ సెక్షను లేబర్ కోర్టుకూ ట్రిబ్యునళ్లకూ ఇచ్చింది. ఇక్కడా ఆర్బిట్రేటర్ పేరు లేదు. కాబట్టి నిర్లక్ష్యం రుజువైందని రాసిన తర్వాత శిక్ష జోలికి పోయే అధికారం ఆయనకు లేదన్నారు. 17బి అనుభవంతో నా గుండె జారిపోయింది. అయితే ఈ ప్రశ్న మీద గుజరాత్ స్టీల్ ట్యూబ్స్ కేసులో సుప్రీంకోర్టు ఏనాడో స్పష్టంగా చెప్పింది. అక్కడ సమ్మె సందర్భంగా వందలాది మంది కార్మికులను తొలగిస్తే, ఆర్బిట్రేటర్ ఆ తొలగింపును సమర్థించారు. హైకోర్టు ఆ అవార్డును రద్దు చేసింది, సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు హైకోర్టునే బలపరిచింది. 10ఎ ఆర్బిట్రేటర్‌కు కూడా 11ఎ అధికారం ఉంటుందని ఆ తీర్పు చెప్పింది. నా కేసులో అవార్డు కార్మికుడికి అనుకూలం, ఆ కేసులో ప్రతికూలం. రెండింటికీ సూత్రం మాత్రం ఒక్కటే.

మూడోది సాక్ష్యం గురించి. అవతలి న్యాయవాది 1977 నాటి హర్యానా బస్ కండక్టరు కేసు, రత్తన్ సింగ్ తీర్పు చదివారు. టిక్కెట్టు ఇవ్వని ప్రయాణికులను విచారణలో సాక్షులుగా పిలవనంత మాత్రాన నిర్ణయం చెల్లకుండా పోదని, అంతర్గత విచారణలో సాక్ష్య చట్టం నియమాలను కచ్చితంగా పాటించనక్కర్లేదని, కొంత సాక్ష్యం ఉంటే చాలునని ఆ తీర్పు అంటుంది. అలాగే మామిడి వ్యాపారిని పిలవకపోయినా నష్టం లేదని ఆయన వాదన. మా లాయరు గారు లేచి, ఆ కేసులో తనిఖీ బృందం కళ్లారా చూసి చెప్పిన సాక్ష్యం ఉందనీ, ఇక్కడ కుమ్మక్కు గురించి విచారణాధికారి ఊహ తప్ప మరేమీ లేదనీ అన్నారు. కొంత సాక్ష్యం వేరు, ఏమీ లేకపోవడం వేరు. రత్తన్ సింగ్ తీర్పు రాసిందీ, గుజరాత్ స్టీల్ ట్యూబ్స్ మెజారిటీ తీర్పు రాసిందీ జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యరే. ఒకే న్యాయమూర్తి రాసిన రెండు తీర్పులను రెండు పక్షాలూ ఎదురెదురుగా పట్టుకుని నిలబడడం, ఆ రోజు వెనుక బెంచీలో నాకు దొరికిన ఒకే ఒక్క వినోదం.

అప్పుడు న్యాయమూర్తి గారు నా కేసు మొత్తం దేని మీద ఆధారపడి ఉందో ఆ ప్రశ్న అడిగారు. కాటా రిజిస్టరు అంతర్గత విచారణ ఫైలులోదా, లేక ఆర్బిట్రేటర్ ముందు కొత్తగా తెచ్చినదా? శిక్షను సమీక్షించేటప్పుడు రికార్డులో ఉన్న సామగ్రి మీదే ఆధారపడాలని, కొత్త సాక్ష్యం తీసుకోకూడదని 11ఎ సెక్షను చివర ఒక నిబంధన ఉండేది. మా లాయరు గారు పేజీ నంబరు చెప్పారు. నాలుగో దస్తావేజు, యాజమాన్యం వారే పెట్టింది. న్యాయమూర్తి గారు ఆ పేజీలు తిప్పుతూ కాసేపు మౌనంగా ఉన్నారు. పెన్సిలు గుర్తులు ఇంకా అందులో ఉన్నాయో లేదో నాకు తెలియదు, నేను కూర్చున్న చోటికి కనిపించవు.

2022 అక్టోబరులో తీర్పు వచ్చింది. సాక్ష్యాన్ని మళ్లీ తూచి వేరే అభిప్రాయానికి రావడం రిట్ కోర్టు పని కాదనీ, సాక్ష్యమే లేకుండా నిర్ణయించినా, ఏ వివేకవంతుడూ రాలేని అభిప్రాయానికి వచ్చినా, చట్టపరమైన తప్పు అవార్డు ముఖం మీదే, అంటే చదవగానే స్పష్టంగా, కనిపించినా మాత్రమే జోక్యం ఉంటుందనీ అందులో రాశారు. రిజిస్టరు రికార్డులో ఉన్నందున కుమ్మక్కు లేదన్న నిర్ణయం నిరాధారం కాదన్నారు. కుమ్మక్కే రుజువు కానప్పుడు విశ్వాసం పోయిందన్న యాజమాన్యం మాటకు ఆధారం లేదన్నారు. తిరిగి ఉద్యోగంలోకి తీసుకోవాలన్న భాగం నిలబడింది.

బకాయి వేతనం మాత్రం సగం నుంచి పావుకు తగ్గింది. సాక్ష్యాన్ని ముట్టుకోనన్న కోర్టు డబ్బును ఎలా ముట్టుకుందని నాకు కోపం వచ్చింది. తీర్పును రెండోసారి చదివితే జవాబు దొరికింది, అది కొంత మా తప్పే. తొలగింపు అక్రమమైతే సర్వీసు కొనసాగింపుతో పాటు బకాయి వేతనం ఇవ్వడం సాధారణ నియమమని 2013లో దీపాలి గుండు సుర్వసే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదే తీర్పు, ఖాళీగా ఉన్న కాలంలో తనకు మరో సంపాదన లేదనో, తక్కువ జీతానికి పనిచేశాననో కార్మికుడు ముందుగా తన వాదనలో చెప్పాలని కూడా అంది. ఆర్బిట్రేటర్ ముందు మేము వేసిన దావా పత్రంలో ఆ వాక్యమే లేదు. 2015, 2016 సీజన్లలో దామలచెరువు మండీలో రోజుకు ₹400కు లెక్కలు రాశానని క్రాస్ ఎగ్జామినేషన్‌లో నేనే ఒప్పుకున్నాను. ఆర్బిట్రేటర్ గారు సగం అని రాశారే గాని, సగం ఎందుకో ఒక్క మాటా రాయలేదు. కారణం లేని అంకె అవార్డు ముఖం మీద కనిపించే తప్పు. మూడు పేజీల దావా పత్రంలో, “మండీలో సీజనులో రోజుకు ₹400 తప్ప మరో సంపాదన లేదు” అని ఒక్క వాక్యం రాసి ఉంటే నాకు ₹59,850 మిగిలేది. కోర్టులో జమై ఉన్న ₹59,850ని నేను తీసుకోవచ్చనీ, పావు బకాయికి అది సరిపోతుందనీ న్యాయమూర్తి గారు లెక్క ముగించారు.

ఇంక్రిమెంట్ల కోత కూడా అలాగే ఉండిపోయింది. దాని మీద మనం కూడా రిట్ వేద్దామని 2017లోనే లాయరు గారిని అడిగాను. నిర్లక్ష్యం లేదని చెప్పాలంటే సాక్ష్యాన్ని మళ్లీ తూచమని అడగాలి, అవతలివాళ్లు అదే అడుగుతుంటే కూడదని మనం అంటున్నాం, రెండు నాలుకలు పనికిరావు అన్నారాయన. అప్పుడు ఆయన భయస్తుడేమో అనుకున్నాను. తీర్పు చదివాక ఆయన లెక్క అర్థమైంది. కుమ్మక్కు లేదన్న మాటను కదపనివ్వని గీతే, నిర్లక్ష్యం ఉందన్న మాటనూ కదపనివ్వదు.

నా కేసు పూర్తిగా పాత చట్టం కింద నడిచింది. 2025 నవంబరు 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి. తొలగింపు మీద కార్మికుడు నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్లే గడువు మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది. ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లు ముందు ఆ తేదీ చూసుకోవాలి. మిగిలినవి నా కేసులాగే దావా పత్రం మీదా, దస్తావేజుల మీదా నడుస్తాయి.

యాజమాన్యం ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనానికి రిట్ అప్పీలు వేస్తుందేమోనని 30 రోజులు ఎదురుచూశాం. వేయలేదు. డిసెంబరు మొదటి వారంలో గేటు దగ్గర సంతకం పెట్టి లోపలికి వెళ్లాను. నన్ను కాటా దగ్గరికి మళ్లీ పంపలేదు, గుజ్జు డ్రమ్ముల గోడౌనులో స్టాకు రిజిస్టరు ఇచ్చారు. మధ్యాహ్నం టీ వేళకు కాటా గదికి వెళ్లి, అక్కడ కూర్చున్న కుర్రాణ్ని ఒక ఖాళీ చీటీ చూపించమన్నాను. ట్రాక్టరు నంబరు గడి పక్కన ట్రెయిలరు నంబరుకు కొత్తగా మరో గడి ఉంది. ఎప్పుడు పెట్టారని అడిగితే, తాను చేరేటప్పటికే ఉందని చెప్పాడు.